చలికి చేప లోతుకి పోతుందా? బాస్ చేప సూత్రం, విశాఖ నీళ్లు

డిసెంబరు తెల్లవారుజామున రుషికొండ రాళ్ల మీద, భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట గాలం కర్రలతో నిలబడే కుర్రాళ్లలో కొందరి చేతుల్లో ఇప్పుడు వానపాములూ రొయ్యలూ ఉండటం లేదు. రంగురంగుల ప్లాస్టిక్ చేపలుంటున్నాయి. ఎరతో పాటు దాన్ని ఆడించే పద్ధతి కూడా యూట్యూబ్‌లోనే దొరుకుతుంది. ఆ వీడియోల్లో చాలావాటికి నాయకుడు అమెరికా బాస్ చేప. చలికాలం వచ్చిందంటే ఆ వీడియోలన్నీ ఒకే మాట చెబుతాయి: చేప లోతుకి పోయింది, ఎరను అడుగుకి దించు, మెల్లగా కదిలించు.

ఈ మాటలో అబద్ధం లేదు. కాకపోతే అది టెనెస్సీ, మిషిగన్ చెరువుల్లో పుట్టిన మాట. విశాఖ సముద్రానికీ, మేహాద్రి గెడ్డకీ, ఏజెన్సీ కొండల మీది జలాశయాలకీ దాన్ని అలాగే అంటిస్తే ఒకచోట సగం పనిచేస్తుంది, ఇంకోచోట పూర్తిగా తిరగబడుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ చేప సంగతీ, అది బతికే నీటి సంగతీ చూడాలి.

స్మాల్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. మహా సరస్సులు, సెయింట్ లారెన్స్ నది, ఒహాయో, టెనెస్సీ, ఎగువ మిసిసిపీ నదులు దాని పుట్టిల్లు. పేరులో చిన్న నోరు అని ఉంది గానీ నోరు మరీ చిన్నదేం కాదు. పై దవడ కంటి కిందికి వచ్చి ఆగిపోతుంది, దాని దాయాది లార్జ్‌మౌత్ బాస్‌కి కన్ను దాటి వెనక్కి పోతుంది. తేడా అంతే. 1802లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లాసెపేడ్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలో మైక్రోప్టెరస్ అంటే చిన్న రెక్క. ఆయన చేతికి అందిన నమూనాకి వీపు రెక్క చివర చిరిగి ఉంది, దాన్నే ఆయన జాతి లక్షణం అనుకున్నాడు. ఒక్క చేపని చూసి జాతి మొత్తానికి తీర్పు చెప్పడం గాలమేసేవాళ్లకే పరిమితమైన అలవాటు కాదన్నమాట. ఇప్పటిదాకా గాలానికి పడ్డ స్మాల్‌మౌత్‌లలో రికార్డు చేప 1955లో టెనెస్సీ, కెంటకీ సరిహద్దులోని డేల్ హాలో సరస్సులో దొరికింది. బరువు దాదాపు 5.4 కిలోలు. మన శీలావతి, బొచ్చెలతో పోలిస్తే పెద్ద బరువు కాదు. ఆ చేపకున్న పేరంతా గాలానికి పడ్డాక అది పెట్టే పెనుగులాట వల్ల వచ్చింది.

చేప ఒంట్లో వేడి పుట్టించే పొయ్యి ఉండదు. సూర (ట్యూనా) చేపల్లాంటి కొన్నింటిని పక్కన పెడితే, నీటి వేడి ఎంతో చేప ఒంటి వేడీ అంతే. ఆ వేడి పది డిగ్రీలు తగ్గితే ఒంట్లో జరిగే రసాయన పనులు సుమారుగా సగానికి పడిపోతాయి. స్మాల్‌మౌత్ హుషారుగా వేటాడేది 20 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా ఉన్న నీటిలో. 10 డిగ్రీలకి దిగితే మేత బాగా తగ్గిస్తుంది. 4, 5 డిగ్రీల దగ్గర దాదాపు కదలకుండా పడి ఉంటుంది. తిన్నది అరగడానికి రోజులు పడుతుంది. ఎర వెంట పరుగెత్తితే ఖర్చయ్యే శక్తి ఆ ఎర తింటే వచ్చే శక్తిని మించిపోతుంది. అందుకే ముక్కు ముందుకి వచ్చి నిలిచినదాన్ని మాత్రమే నోట్లోకి లాక్కుంటుంది.

ఇక నీరు. చాలా వస్తువుల్లాగే నీరూ చల్లబడేకొద్దీ బరువెక్కుతుంది, కానీ 4 డిగ్రీల దాకానే. అక్కడి నుంచి ఇంకా చల్లబడితే మళ్లీ తేలికవుతుంది, గడ్డకడితే పైకి తేలుతుంది. మిషిగన్ చెరువులో నవంబరు గాలులకి నీరంతా కలగలిసి 4 డిగ్రీల దాకా చల్లబడ్డాక, ఇంకా చల్లబడ్డ నీరు పైపొరగా నిలిచిపోతుంది. పైన మంచుగడ్డ, దాని కింద సున్నా డిగ్రీల నీరు, అడుగున 4 డిగ్రీల నీరు. అంటే ఆ చెరువుకి చలికాలంలో అడుగే వెచ్చన. ఆ మూడు నాలుగు డిగ్రీల కోసమే బాస్‌లు గుంపులు గుంపులుగా పది, పన్నెండు మీటర్ల లోతుకి పోయి ఒకేచోట నెలల తరబడి ఉంటాయి. నదుల్లో ఐతే ప్రవాహం తగలని లోతైన మడుగుల్లో, పెద్ద బండల చాటున చేరతాయి. అక్కడ ఈదాల్సిన పని ఉండదు, శక్తి మిగులుతుంది.

వేసవంతా తిని కొవ్వు దాచుకున్న పెద్ద చేపకి ఇదొక సుదీర్ఘ ఉపవాసం, అంతే. అసలు గండం ఆ ఏడు పుట్టిన పిల్లలది. చలి ముంచుకొచ్చేలోపు తగినంత పెరగని పిల్ల, దాచుకున్న కొవ్వు వసంతానికి ముందే అయిపోయి చనిపోతుంది. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ దాని పరిమాణానికి శక్తి ఖర్చు ఎక్కువ, నిల్వ తక్కువ. ఈ జాతి ఉత్తరాన ఎంతదూరం దాకా బతకగలదన్నది చాలావరకూ ఈ లెక్క మీదే ఆధారపడింది. ఒక ఏడాది చలి ముందుగా వచ్చి ఆలస్యంగా పోతే, నాలుగైదేళ్ల తర్వాత అక్కడి గాలాలకి ఆ వయసు చేపలు తక్కువగా పడతాయి.

అక్కడి వేటగాళ్ల చలికాలపు పద్ధతులన్నీ ఈ బద్ధకానికి తగ్గట్టు తయారైనవే. టెనెస్సీ ప్రాంతంలో ఒక పద్ధతి ఉంది. బెండు కింద మూడు మీటర్ల దారం వదిలి, చివర వెంట్రుకలతో చుట్టిన చిన్న ఎర కడతారు. దాన్ని లాగరు. చిన్న అలలకి బెండు ఊగుతుంటే ఎర ఉన్నచోటే వణుకుతుంది, చలికి కొయ్యబారిన చిన్న చేపలా. చెరువు గట్టున బెండు కట్టుకుని కూర్చునే మన తాతలకి ఇందులో కొత్తేమీ కనిపించదు. చేప ఆకారంలో ఉండే గట్టి ఎరల్ని వేసవిలో జోరుగా లాగేవాళ్లు, చలిలో ఒక్క జర్కు ఇచ్చి పది, ఇరవై సెకన్లు ఆగుతారు. ఓపిక ఉన్నవాడు ఇంకా ఎక్కువ ఆగుతాడు.

వీడియోల్లో చలి తర్వాత ఎక్కువగా వినిపించే మాట గాలి పీడనం. చలిగాలి తెర వచ్చి వెళ్లాక ఆకాశం తేటపడి, బారోమీటర్ పైకి లేస్తే చేప నోరు మూసుకుంటుందని అంటారు. చేప నోరు మూసుకోవడం వరకూ అక్కడి వేటగాళ్ల అనుభవమే. దానికి కారణం పీడనమే అనడం మాత్రం నిలిచే మాట కాదు. ఒక మిల్లీబారు పీడనం అంటే ఒక సెంటీమీటరు నీటి బరువు. పెద్ద చలితెర 20 మిల్లీబార్లు మార్చిందనుకున్నా, చేప జానెడు పైకో కిందికో జరిగితే తీరిపోయే తేడా అది. ఆకాశం తేటపడ్డాక నీటిలోకి దిగే వెలుతురు, ఆగిపోయిన గాలి, రాత్రికి రాత్రి చల్లబడ్డ పైనీరు చాలా ఎక్కువ అనుమానించదగ్గవి.

విశాఖలో ఐతే పీడనం వాదం ఒక్కరోజు కూడా నిలవదు. ఉష్ణమండలంలో బారోమీటర్ రోజూ రెండుసార్లు, ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ అటూ ఇటూగా, మూడు నాలుగు మిల్లీబార్లు దానంతటదే లేచి పడుతుంది. అది పోనివ్వండి. పౌర్ణమికీ అమావాస్యకీ ఇక్కడి పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం మీటరు దాటి మారుతుంది. అంటే రేవు గోడ పక్కన అడుగున ఉన్న చేప మీద ఆరు గంటల్లో 100 మిల్లీబార్ల తేడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖ మీదుగా పోయినప్పుడు కూడా గాలి పీడనం అంత మారలేదు. రోజుకి రెండుసార్లు ఆ తేడాకి అలవాటుపడ్డ చేప ఫోన్‌లోని వాతావరణ యాప్ చూపించే రెండు మిల్లీబార్లకి భయపడి గాలం మానేస్తుందనుకోవడం చేపని తక్కువ అంచనా వేయడమే. ఇక్కడ బారోమీటర్ తుపాను కనిపెట్టడానికి, పంచాంగం పోటూపాటూ చూసుకోవడానికి.

సరే, అసలు విశాఖకి చలికాలం ఉందా? జనవరి రాత్రుల్లో నగరంలో 18 నుంచి 20 డిగ్రీలు. ఒడ్డు దగ్గరి సముద్రం జనవరిలో 25, 26 డిగ్రీలు, మే నెలలో 29, 30. ఏడాది మొత్తానికి తేడా నాలుగైదు డిగ్రీలే. మిషిగన్ సరస్సు పైనీటికి ఈ తేడా 20 డిగ్రీల దాకా ఉంటుంది. బాస్ లెక్కన చూస్తే మన సముద్రపు చలికాలం దాని మండువేసవి. పగటి వెలుతురు కూడా అంతే. డిసెంబరు చివర విశాఖలో పగలు 11 గంటలుంటే, 45 డిగ్రీల అక్షాంశం మీద తొమ్మిది గంటలు కూడా ఉండదు. కాబట్టి పార, వంజరం, పండుగప్ప లాంటి వేటాడే చేపలు జనవరిలోనూ తరిమి తరిమి తింటాయి. రుషికొండ రాళ్ల మీంచి ఎర విసిరి పది సెకన్లు ఆగితే దానికి పట్టేది చేప కాదు, రాతి సందు.

అలాగని చలికాలం ఇక్కడి సముద్రాన్ని మార్చదనుకుంటే అదీ తప్పే. మారుస్తుంది, వేరే దారిలో. వానాకాలమంతా గంగా బ్రహ్మపుత్రలు, మహానది బంగాళాఖాతంలో పోసిన మంచినీరు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంబడి దక్షిణంగా దిగుతుంది. ఆ నెలల్లో తూర్పు తీర ప్రవాహం ఒడిశా వైపు నుంచి విశాఖ మీదుగా కిందికి పారుతుంది. ఫిబ్రవరికల్లా తిరగబడి ఉత్తరానికి మళ్లుతుంది. ఉప్పు తక్కువైన నీటితో, ఒడ్డును ఆనుకుని పారే ఒక నదిలా ఉంటుందది. అదే కాలంలో తీరం పక్కన నీరు పోగుపడి కిందికి దిగుతుంది. విశాఖలో సముద్రమట్టం ఏడాదిలో అన్నింటికంటే ఎత్తుగా ఉండేది అక్టోబరు, నవంబరులలో, పల్లంగా ఉండేది మార్చిలో. మార్చి నుంచి గాలి తీరం వెంబడి నైరుతి నుంచి వీస్తుంటే అడుగునీరు పైకి ఉబుకుతుంది, దానితో పాటు చేపకి మేత పుట్టించే పోషకాలూ వస్తాయి. వాల్తేరు తీరంలో ఈ పైకుబకడం, కిందికి దిగడాన్ని 1950లలో కొలిచి రాసినవాడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్. విశాఖ నీళ్ల గురించి అమెరికా నుంచి నేర్చుకోదగ్గది ఏదైనా ఉంటే అది బాస్ వీడియోల్లో కంటే ఆ కొలతల్లో ఎక్కువ ఉంది.

ఇక్కడే ఒక విచిత్రం. ఉప్పు తక్కువైన నీరు తేలిక కాబట్టి పైన పలుచని పొరగా నిలుస్తుంది, కింది ఉప్పునీటితో సులువుగా కలవదు. చలికాలంలో నేల మీంచి వచ్చే పొడిగాలి ఆ పలుచని పొరనే చల్లారుస్తుంది. మామూలుగా ఐతే చల్లబడ్డ నీరు బరువెక్కి కిందికి దిగాలి. ఉప్పు తక్కువ కావడంతో ఎంత చల్లబడ్డా కింది నీటికంటే తేలికే, పైనే ఉండిపోతుంది. దాని కింద వేసవి వేడిని దాచుకున్న ఉప్పునీరు ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉంటుంది. ఉత్తర బంగాళాఖాతంలోనూ, మన తీరం పక్కనా చలికాలంలో శాస్త్రవేత్తలు పదేపదే చూసిన సంగతి ఇది. పైన చల్లన, కింద వెచ్చన: అచ్చం మిషిగన్ చెరువు బొమ్మే. అక్కడ ఆ పని చేసింది 4 డిగ్రీల చలి, ఇక్కడ చేసింది ఉప్పు.

బొమ్మ ఒకటే గానీ చేపకి అర్థం ఒకటి కాదు. 25 డిగ్రీల నీటిలో ఉన్న కానాగంతకి అడుగున 27 ఉందన్నది ప్రాణావసరం కాదు. దాని కదలికని నిర్ణయించేది మేత. ఈ పొరల వల్ల అడుగు పోషకాలు పైకి రావడం ఆగుతుంది కాబట్టి మేత సముద్రమంతా సమంగా పరుచుకోదు. రెండు రకాల నీళ్లు కలిసే అంచుల వెంట పోగుపడుతుంది. ఒకపక్క పచ్చగా మసకనీరు, ఇంకోపక్క నీలంగా తేటనీరు, మధ్యలో నురగా చెత్తా గీత గీసినట్టు నిలిచే చోటు. కవ్వళ్ల గుంపులు ఆ గీత పక్కన చేరితే వాటి వెనకే వంజరాలు చేరతాయి, వాటిని చూసి పక్షులు చేరతాయి. జాలరిపేటలో పడవ నడిపే సరంగులు తరతరాలుగా వెతికేది ఈ నీటి రంగునే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం, ఉపగ్రహాల నుంచి వెతికేదీ దాదాపు అదే: సముద్రపు పైనీటి వేడిలో, పచ్చదనంలో ఉన్నట్టుండి మార్పు కనిపించే గీతలు. వాటిని బట్టి ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతు దగ్గర చేప ఉండవచ్చో తెలుగులో కూడా చెబుతుంది. నీటి వేడిని పసిగట్టే ఆ ఉపగ్రహపు కన్ను మబ్బు దాటి చూడలేదు. అందుకే వానాకాలం కంటే మబ్బులేని డిసెంబరు, జనవరి ఆకాశం కింద ఈ సమాచారం తరచుగా దొరుకుతుంది. మన చలికాలం వేటకి చేసే పెద్ద మేలు ఇలాంటిదే, ఆకాశాన్ని తేటపరచడం.

రెండో మేలు గాలి. చలికాలపు రాత్రి నేల సముద్రం కంటే త్వరగా చల్లబడి, తెల్లవారుజామున కొండల వైపు నుంచి సముద్రం మీదికి గాలి తోలుతుంది. ఒడ్డు దగ్గర కెరటం అణుగుతుంది, పడవ దాటడం తేలికవుతుంది, ఒడ్డున నిలబడ్డవాడి ఎర ఆ గాలి వాలుకి దూరం పోతుంది. పదకొండు దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది. బాస్ వేటగాడు చలికాలంలో ఎండ ఎక్కేదాకా పడుకుని మధ్యాహ్నం వెళతాడు, నీరు అరడిగ్రీ వేడెక్కుతుందని. విశాఖ రాళ్ల మీద ఆ వేళకి వెళ్లేవాడికి మిగిలేది ఎదురుగాలే. నవంబరు వరకూ, ఒక్కోసారి డిసెంబరులోనూ తుపాను భయం ఉంటుంది కాబట్టి అసలైన నెమ్మది నెలలు జనవరి, ఫిబ్రవరి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం వచ్చేలోపు మర పడవలకి సముద్రం ఇచ్చే మంచి రోజులవి.

నదీముఖాల దగ్గర సంగతి కాస్త వేరు. గోస్తనీ ముఖద్వారంలో పాటు వేళ నీరు మోకాలి లోతుకి పడే చోట్లు, సముద్రంలా కాకుండా రాత్రి చలికి త్వరగా లొంగుతాయి. పండుగప్ప 20 డిగ్రీలకి దిగువన మేత బాగా తగ్గించే చేప. ఆస్ట్రేలియాలో దాన్ని వేటాడేవాళ్లు చలికాలంలో దాని బద్ధకం గురించి చెప్పేది బాస్ కథకి చాలా దగ్గరగా ఉంటుంది. చలి గట్టిగా ఉన్న తెల్లవారున లోపలి పల్లపు నీటిలో వెతకడం కంటే, పోటుతో వెచ్చని సముద్రపు నీరు లోపలికి ఎక్కే వేళ కాలువ మధ్యన ఉన్న లోతులో ఎర వేయడం మేలు. బాస్ సూత్రం ఇక్కడ పావు వంతు పనిచేసినట్టు. అదైనా లోతు వల్ల కాదు, పోటు వల్ల.

మంచినీటికి వస్తే తిరకాసు పూర్తవుతుంది. మేహాద్రి గెడ్డ, రైవాడ, తాండవ జలాశయాల నీరు ఎప్పుడూ 4 డిగ్రీల దరిదాపులకి పోదు. అంత వెచ్చని మంచినీటిలో చల్లబడ్డ నీరు ఎప్పుడూ కిందికే దిగుతుంది. అంటే ఇక్కడ అడుగు ఎన్నడూ పైకంటే వెచ్చన కాదు. వెచ్చదనం కోసం లోతుకి పోయే చేప మన జలాశయాల్లో ఉండదు, ఉంటే అది తప్పుదారి పట్టినట్టే. చలి చేసే పని ఇంకొకటి ఉంది. వేసవిలో లోతైన జలాశయంలో పైన వేడినీరు, కింద చల్లని నీరు విడివిడిగా నిలిచి, అడుగున ప్రాణవాయువు అయిపోతుంది. చలికాలపు రాత్రులు పైపొరను చల్లార్చి ఆ గోడను కూలుస్తాయి. నీరు కలుస్తుంది, అడుగుకి గాలి చేరుతుంది. 30 డిగ్రీల నీరు లీటరుకి సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే 20 డిగ్రీల నీరు తొమ్మిది పట్టుకుంటుంది. వేసవిలో అడుగు మూసుకుపోయి పైపొరలో ఇరుక్కున్న మోసు, జెల్ల జనవరిలో మళ్లీ బురద దాకా దిగి మేస్తాయి. లోతులో చేప దొరకడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ వేడి కోసం, ఇక్కడ ఊపిరి కోసం.

చెరువుల్లో చేపలు పెంచే రైతులకి ఈ చలి సరదా కాదు. శీలావతి, బొచ్చె 25 నుంచి 30 డిగ్రీల నీటిలో బాగా తిని పెరిగే చేపలు. చల్లని ఉదయాల్లో అవి మేత దగ్గరికి రావు, వేసిన తవుడూ చెక్కా అడుగున కుళ్లుతుంది. అందుకే చలి నెలల్లో మేత తగ్గించి, ఎండ ఎక్కాక వేస్తారు. ఒంటి మీద ఎర్రమచ్చలు పుండ్లయ్యే వ్యాధి 1988లో మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి ఎక్కువగా విరుచుకుపడేది చలి నెలల్లోనే. నీరు చల్లబడితే చేప రోగనిరోధక శక్తి మందగిస్తుంది, ఆ వ్యాధిని తెచ్చే బూజు మాత్రం చురుగ్గా ఉంటుంది.

మెల్లగా ఆడించు అన్న సగానికి విలువ వచ్చేది కొండలెక్కాకే. చింతపల్లి, లంబసింగి వైపు డిసెంబరు రాత్రుల్లో గాలి చలి ఒక అంకెకి పడుతుంది, కొన్ని ఉదయాలు సున్నా దగ్గరికి వెళుతుంది. నీరు గాలంత త్వరగా చల్లబడదు గానీ, తాజంగి జలాశయం లాంటి చోట వారం రోజులు వరసగా చలి కాస్తే అక్కడి చేప నగరం చేపలా ఉండదు. మేత తగ్గిస్తుంది, బెండు ఊగీ ఊగనట్టు ఊగి ఆగిపోతుంది, పెద్ద ఎర ముట్టదు. అక్కడ చిన్న గాలం, సన్నని దారం, కదలని ఎర కావాలి. ఆ వరకూ బాస్ వీడియో చెప్పింది చెప్పినట్టు చేయొచ్చు. లోతుకి దించు అన్నది మాత్రం వినకూడదు. తెల్లవారున అక్కడ అన్నింటికంటే చల్లని నీరు అడుగునే ఉంటుంది. మంచు విడిచి ఎండ తగిలాక ముందుగా వేడెక్కేది గాలి తగలని వైపు గట్టు పక్కన, నడుం లోతు నీరు. పదకొండు, పన్నెండింటికి చేప వచ్చేది అక్కడికే.